ఎత్తగలిగినంత

ఎనిమిదంగుళాల అద్దమా, పదంగుళాలదా?
రెండు చలికాలాలుగా ఇదే తర్జనభర్జన.
కొట్టులో ఊకు ఒక్కటే అడిగాడు:
"ఎన్నో అంతస్తు?"
అయిదు. లిఫ్టు లేదు.

ఆ రాత్రి బేకరీలో
రై పిండి బస్తా భుజానికెత్తి
గోదాము మెట్లెక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను.
మూడో మలుపులో మోకాలు జవాబు చెప్పింది.

ఎనిమిదే తెచ్చుకున్నా.
తార్తు మీద పదిహేడు రోజులు
మబ్బు విడిస్తే ఒట్టు.
గొట్టం తలుపు పక్కన
నా కోటు మోస్తూ నిలబడింది.

నిన్న, మూడింటికి, పనికెళ్ళబోతుంటే
రెండు చిమ్నీల సందున
తుంచిన రొట్టెముక్కంత ఆకాశం.
మేజోళ్ళతోనే మోసుకు దిగాను.

శనీ కాదు, చంద్రుడూ కాదు.
పేరు తెలియని చుక్క.
ఇన్నేళ్ళూ ఒక్కటే అనుకున్నది
రెండు.

రొట్టెలు ఆలస్యమయ్యాయి.
సంజాయిషీ ఏమని చెప్పను?