ఫ్రిజ్ ఆపిన రాత్రి

పద్నాలుగు కిలోలు.
షెఫీల్డ్‌లో, వాక్లీ కొండ మీద మా వీధి ఎంత నిటారంటే
డెలివరీ అబ్బాయి సగంలో ఆగి
పెట్టెను ఎవరిదో ప్రహరీ మీద దించి
"ఏముంది మేడమ్ ఇందులో, ఇనుమా?" అన్నాడు.
చెప్పలేకపోయాను.
పాట అంటే నవ్వుతాడని.

విరూపాక్ష బిల్లు చూశాడు.
ఏమీ అనలేదు. బాయిలర్ వైపు చూశాడు.
దాన్ని మార్చాలని మూడు చలికాలాలుగా అనుకుంటున్నాం.
అదీ ఒకసారి దగ్గింది, సాక్ష్యం చెబుతున్నట్టు.

పాటంటే చెవి కోసుకుంటానని నాకు పేరు.
ఉద్యోగం మాత్రం చెవులు కొలవడం.
ఆస్పత్రిలో, చప్పుడు చొరని చిన్న గదిలో,
ఉక్కు మిల్లుల్లో నలభై ఏళ్లు దెబ్బలు తిన్న చెవులకి
సన్నని ఈలలు వినిపిస్తూ
"వినబడితే బొత్తాం నొక్కండి" అంటాను.
వాళ్లు నొక్కరు.
నేను కాగితం మీద గీతను కిందికి దించుతాను.

నల్లటి పలక. ఒక్కటే మీట.
తిప్పితే పేరిన నేతిలో గరిట తిప్పినట్టుంది.
మిణుగురు కన్నా చిన్న దీపం.
తీగలు తగిలించి, సోఫా జరిపి,
ఊపిరి బిగబట్టి ఆన్ చేశాను.

మొట్టమొదట వినిపించింది మా ఫ్రిజ్.

నిజం. ఇరవై ఏళ్ల పాత డబ్బా
తానే బుసలు కొడుతూ
ఇంటి చప్పుళ్లన్నీ కప్పిపుచ్చేదని అప్పుడు తెలిసింది.
ఇది నోరు మూసుకుని కూర్చుంటే
ఇల్లు నోరు విప్పింది.
ఫ్రిజ్ మూలుగు.
గోడ గడియారం కొరుకుతున్న వక్కలు.
బాయిలర్ గొంతు సవరింపు.
కిందెక్కడో మలుపు దగ్గర ట్రామ్ పట్టా కీచుమనడం.

ఒక్కొక్కటే ఆపాం, ట్రామ్ తప్ప.
గడియారాన్ని దుప్పట్లో చుట్టి మేడ మీద పడుకోబెట్టాం.
ఫ్రిజ్ ప్లగ్ పీకాను.
బాయిలర్ ఆపుతుంటే విరూపాక్ష నన్ను చూసిన చూపు
నాకు తెలిసిన ఏ గ్రాఫు మీదా పట్టదు.
జనవరి నెల. ఇద్దరం కోట్లు తొడుక్కుని,
చెవులు మాత్రం వదిలి మఫ్లర్లు చుట్టుకుని,
పెళ్లిచూపులకొచ్చినవాళ్లలా బిగుసుకుని కూర్చున్నాం.

ఎప్పటిదో వయొలిన్ కచేరీ. ఎన్ని వందలసార్లు విన్నానో.
కమాను తీగను తాకే ముందు
ఆయన ముక్కుతో ఊపిరి పీల్చుకున్నాడు.
పీల్చుకున్నాడా!
ఇన్నేళ్లూ ఊపిరి లేకుండానే వాయించాడనుకున్నాను.
మృదంగం ఆయన కాస్త జరిగితే చాప కిరకిరమంది.
ముందు వరసలో ఎవరో గాజులు సర్దుకుంది.
ఒక స్టీలు గ్లాసు, కింద పెట్టిన చప్పుడు.
పెట్టినవాడు తప్పు చేసినట్టు
ఆ తర్వాత చాలాసేపు కదల్లేదు.
రాగం సంగతా?
బాగుంది. బాగానే ఉంది.
నేను ఆ గ్లాసువాడి గురించే ఆలోచిస్తున్నాను.

కంజిర బిళ్లల గలగల చివర
వెండి పొడి రాలుతుందట.
యంత్రంతో వచ్చిన పుస్తకంలో దానికో అంకె కూడా వేశారు.
ఆ అంకె నాకు చెందదు.
నా ఎడమ చెవి ఆరువేల దగ్గరే మెట్లు దిగిపోతుంది.
కిందటేడు ఒక మధ్యాహ్నం భోజనం మానేసి
ఆ గదిలో నన్ను నేనే కూర్చోబెట్టుకుని కొలిచాను.
విరూపాక్షకి చెప్పలేదు.
ఇక ఆ బిల్లు చూశాక ఎలా చెప్పను?

పక్కింటి మోరీన్ పిల్లి
ఎప్పుడు దూరిందో, సోఫా కింద ముడుచుకుని ఉంది.
కంజిర మోగినప్పుడల్లా
కళ్లు తెరవకుండానే దాని చెవులు రెండూ
గొళ్లేల్లా ఇటు తిరిగేవి.
మోత నాకు ఆగిపోయాక కూడా
ఇంకో క్షణం అలాగే ఉండి, అప్పుడు వాలేవి.
ఆ క్షణమేనన్నమాట.
వేలితో చూపించాను.
"పిల్లి కోసం కొన్నామా?" అన్నాడు విరూపాక్ష గుసగుసగా,
పాట మీద మాట పడకుండా.
కాసేపటికి, మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు.

పడుకునేసరికి రెండు.
ఫ్రిజ్ సంగతి ఎవరికీ గుర్తులేదు.
దాని మంచు అర తలుపు అసలే సరిగా పడదు.
పొద్దున వంటగదిలో మడుగు,
మూడు సంచుల బఠాణీలు మెత్తబడి చూస్తున్నాయి.
ఇవాళ బఠాణీ కూర.
రేపూ బఠాణీ కూరే.
ఆపైన చూడాలి.