ఆర్డర్ల బుక్కు

కాశిబుగ్గల మా షెడ్డు.
జాతర్లల్ల గిరగిర తిరిగే
చిన్నపిల్లల బండ్లు చేస్తం.
రేకు వంచేది ఓదెలన్న, రంగేసేది యాకూబు,
బుక్కు రాసేది నేను.

మొదటి పేజీల ఒక్కటే మోడల్.
ఎర్ర రేసు కారు, రెండు సీట్లు,
కొర్రమట్ట ముక్కు, నేలను నాకేటంత కిందికి.
ఆ వంపు కోసం ఓదెలన్న
పదకొండు రేకులు చెడగొట్టిండట.
డోరు లేదు.
రేసుకు పోయేటోనికి డోరెందుకన్నడు.

ఐలోని జాతర అయినంక
జమ్మికుంట చాంద్‌పాషా వచ్చి స్టూలు మీద కూలబడ్డడు.
"పోరడు ఎక్కుతడు, ఏడుస్తడు.
తల్లి ఎక్కుదామంటే మోకాళ్లు గదుమకు తాకవట్టె.
టికెట్ వాపస్ ఇచ్చుడే అయితంది."
రాసిన: సీటు నాలుగంగుళాలు పైకి.

పరకాలోళ్లు డోరడిగిండ్రు, చీర కొంగు చిక్కుతందని.
హుస్నాబాదోళ్లు ఎనుక సీటు,
మానుకోటోళ్లు ఎండకు టాపు.
ఒక్కొక్క గీత రాస్తుంటే
కారు లేచి నిలవడ్డది.

ఏటూరునాగారం నుంచి ఫోను:
"సైరన్ మోగే పోలీసు జీపున్నదా?"
ఇగ మేడారంల ఎవలి పిలగాడో
జేసీబీ గావాలని దుబ్బల పడి పొర్లిండట.
రెండు నెలలల్ల పద్నాలుగు జేసీబీలు.
యాకూబు గోర్లు పెండ్లిపిలగాని లెక్క పచ్చగైనయి.

ఓదెలన్న కొట్లాడలే. ఫైనాన్సు కట్టాలె గద.
జేసీబీ చెయ్యి గూడ మంచిగనే వంచిండు,
అసలు దానికంటె సోకుగ.
కని అడగకున్నా సెట్టుకొక ఎర్రది పెడ్తడు,
బిల్లుల రాయద్దంటడు.
నేను రాస్త, సున్నా వేసి.

మొన్న కొత్తకొండకు బిగించనీకి పోయినం.
చాంద్‌పాషా ఎర్రదాన్ని లోపలి వరుసల పెట్టిచ్చిండు,
ఇరుసు పక్కకు, డీజిలు వాసనకు.
బయట జేసీబీలకు లైను, గుంజులాట.
ఆలిశంగ వచ్చినోళ్లకు మిగిలేది ఇదే.

ఒక పిల్ల మిగిలింది. ఎక్కింది.
చేతిల సగం నమిలిన చెరుకు ముక్క.
దిగి సక్కగ నా దిక్కే వచ్చింది,
బుక్కు చూసి నేనే ఓనరనుకున్నదేమో.
"గిది రేసు కారే గద.
మరి జేసీబీ దీన్ని దాటిపోవట్టె?"

ఇరుసు ఒక్కటేనని,
లోపలి చుట్టు చిన్నదని చెప్పబోయిన.
అప్పటికే ఉరికింది.
ఓదెలన్న జాకీ కాడ కూసోని ఇన్నడు,
పానా తుడుసుకుంట.

ట్రాలీల వస్తుంటే, ఎల్కతుర్తి దాటినంక,
రాయి, అన్నడు.
ఎర్ర కారు. బయటి వరుస.
చెయ్యి ఒక మూరెడు పొడుగు.

గిరాకి పేరు?
చెరుకు పిల్ల అని రాయి.

అడ్వాన్సు?

రోడ్డు దిక్కు జెరసేపు చూసిండు.
ముట్టిందని రాయి.