నోట్లో గుండుసూదులు

ఐదుకు సున్నా.
తాడిపత్రోళ్ల చేతిలో, మన గ్రౌండులోనే,
గుంతకల్లు మూడున్నర ఎండలో.

సోమవారం పొద్దున అంగడి తలుపు తీస్తానే
కోచ్ సారు వచ్చి నిలబడినాడు,
టీసీ డ్యూటీ నల్ల ప్యాంటు చేతిలో పట్టుకోని.
"నడుము కొంచెం తగ్గించాల కుళ్ళాయప్పా" అన్నాడు.

నా నోట్లో నాలుగు గుండుసూదులుండాయి.
లేకుంటే చెప్పేవాణ్ణి.

చెప్పేవాణ్ణి సార్,
పద్దెనిమిదేండ్లుగా ఈ జట్టు చొక్కాలకు
నంబర్లు కుట్టేది నేనే.
ఈ మూడేండ్లలో పదో నంబరు
ఎన్నిసార్లు కుట్టి ఎన్నిసార్లు విప్పినానో
ఆ నీలం గుడ్డనడగండి.
సూది పడిన చోటంతా చిల్లులు.
ఎండకెత్తి పట్టుకుంటే జల్లెడ మాదిరి
వెలుతురు రాలుతాది.

బళ్లారి నుంచి ఒకన్ని తెస్తిరి.
వాని మోకాలు చూడలేదు, మేనమామను చూస్తిరి.
ఆదోని నుంచి ఇంకొకన్ని తెస్తిరి,
వాడు గోలు కొట్టిన వీడియో ఉందంట
ఎవరి ఫోన్లోనో.
అరచేతిలో టెంకాయ పెట్టుకోని
చేనంతా తిరిగి
అది లేచి నిలబడిన చోట బోరు వేసినట్టు
మనుషుల్ని ఏరుకుంటే ఎట్లా సార్?
వెయ్యడుగులు పోయినా దుమ్మే.
ఆ దుమ్మంతా గట్టు మీద కూర్చున్న మా నెత్తిన.

రైల్లో టికెట్ లేనోన్ని
మొగం చూసి పట్టేస్తారు కదా మీరు,
జట్టులోకి ఊరికే ఎక్కినోళ్లు
ఒక్కడన్నా కనపడడా?

మన తిప్పేస్వామి లేడా.
గ్యాంగ్‌మన్ ఎర్రిస్వామి కొడుకు.
పట్టాల పక్కన కంకర్లో ఆడి పెరిగినోడు,
బంతి యాడ ఎగురుతాదో యాడ పడుకుంటాదో
వాని కాలికి ముందే తెలుసు.
వాన్ని బెంచీ మీద కూర్చోబెడితిరి,
హైటు తక్కువని.
కొలత తీసినోన్ని నేను సార్.
ఐదడుగుల మూడంగుళాలు, నిజమే.
తొడ ఇరవై మూడు!
వాని నిక్కరుకు అదనంగా గుడ్డ పట్టింది,
ఆ లెక్క మీకెవరూ చెప్పలేదా?

వన్నూరప్పను చూడండి, గోల్‌కీపరు.
రెండో సగంలో వాన్ని ముందరికి పంపించి
గోల్లో బ్యాకు ఆడేవాన్ని నిలబెడితిరి.
చొక్కా చేతుల్లో కాళ్లు దూరిస్తే
అది ప్యాంటవుతాదా?
ముందరోళ్లు ముందరికే, ఎనకోళ్లు ఎనక్కే,
నడిమధ్య అంత ఖాళీ.
హనుమక్క తన ఉగ్గాని బండి తెచ్చి
ఆడ పెట్టుకోవచ్చు,
బజ్జీల బాణలితో సహా.

మూడో గోలుకు రిటైరైన గార్డు డేనియల్ సారు
జేబులోంచి విజిలు తీసి,
ఊదకుండానే మళ్లీ లోపల పెట్టుకున్నాడు.
నాలుగో గోలుకు నా మనవడు అడిగినాడు,
"తాతా, మనం ఏ పక్క?"

ఇదంతా నాలుక దాకా వచ్చింది.
సూదులు అడ్డం.
టేపు తీసి సారు నడుము చుట్టూ వేసినా.
ముప్పై నాలుగు.
తప్పు పడిందేమోనని మళ్లీ వేసినా.
ముప్పై నాలుగే.
పుస్తకం తిరగేసి చూస్తే
పోయిన ఉగాదికి ముప్పై ఎనిమిది.

సారు నా వైపు చూడలేదు.
మిషను మీద పడి ఉన్న నీలం చొక్కానే చూస్తా
"పదో నంబరు మళ్లీ కుట్టాల్సొస్తాదేమో" అన్నాడు.

సూదులు ఒక్కొక్కటే తీసి
మెత్తకు గుచ్చినా.
నోరు ఖాళీ అయింది.
పద్దెనిమిదేండ్ల మాటలుండాయి లోపల.
"ఏ సైజు సార్?" అన్నా.

బదులు చెప్పలేదాయన.
హుబ్లీ ప్యాసింజరుకు టైమైందని
గబగబా పోయినాడు.

రాత్రికి ప్యాంటు పట్టినా.
నాలుగంగుళాలు లోపలికి మడిచి కుట్టినా గానీ
మిగిలిన గుడ్డ కత్తిరించలేదు.
రెండు మ్యాచులు గెలిస్తే విప్పుకోవచ్చు.
తిప్పేస్వామి సంగతి మాత్రం
నేను మరిచిపోయినానని ఎవరూ అనుకోవద్దు.

పదో నంబరు చొక్కాకు
ఎవరూ సైజు చెప్పలేదు.
చిన్నదే కుట్టినా.