కొలతల పుస్తకం

హనుమకొండ, యూనివర్సిటీ పాత బిల్డింగు,
కింది అంతస్తు, ఉమ్మడి గది.
పొడవు అరవై రెండు అడుగులు, వెడల్పు ఇరవై నాలుగు.
ఎత్తు కొలవడానికి నిచ్చెన సరిపోలే.
పైన పావురాలున్నయి. అవి అంచనాలో లేవు.

నేను ఇంజనీరింగ్ సెక్షన్‌ల జూనియర్ అసిస్టెంటును.
కొలిచింది రాస్త.
రాసిందానికే బిల్లయితది.

గోడ గీకితే ముందు లేత నీలం,
నీలం కింద పసుపు,
పసుపు కింద ఎర్ర రంగుతోటి
ఎవరో రాసిన మాట, సగం ఊడిపోంగ
‘...వాలి’ అని మిగిలింది.
యాకూబ్‌పాషా గీకుడు ఆపి అడిగిండు:
“మేడం, ఇది కావాల్నా, పోవాల్నా?”
రెండూ ఈ గదిల గొంతు పోయేదాక అరిచినవే.
దాని కింద డంగు సున్నం.
అది ఏం చెప్పలే.
చెంప ఆనించబుద్ధయ్యేంత సల్లగున్నది.

ప్లైవుడ్ అడ్డం తీసేసిండ్రు.
ఆడపిల్లలం ఇటు, మొగపిల్లలు అటు,
నడుమ నెత్తి మీద ఒక్కటే ఫ్యాను.
గాలి ఎప్పుడూ అటు దిక్కే పోతున్నదని
ఇటు మా అనుమానం, అటు వాళ్ల అనుమానం.
అడ్డం పోయినంక
గది పెద్దగైతదనుకున్న.
ఇంత చిన్న గదిలనా
అంత దూరం కూసున్నం?

ఇగ నేల. షాబాదు బండలు.
స్కాలర్‌షిప్ కిటికీ ముందటి బండ
జొన్నరొట్టె పెనం లెక్క గుంత పడ్డది.
వరుసల మొదటి మనిషి నిలబడే జాగ అది.
నేనూ నిలబడ్డ,
తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకొని.
వచ్చే నెల రమ్మన్నరు.
వచ్చే నెల కూడా అదే మాట.

ఏఈ సారు టైల్స్ అన్నడు, అద్దం లెక్క మెరుస్తయన్నడు.
మేస్త్రీ ఓదెలు ఒక బండను గడ్డపారతోటి లేపి
బోర్లేసి, నీళ్లు సల్లి, అరచేత్తో రుద్దిండు.
“ఇగో, అడుగు మొకం ఇంకా గని నుంచి తెచ్చినట్టే ఉన్నది.
తిరగేస్తే ఇంకో వందేండ్లకు ఢోకా లేదు.”
పైసలు మిగులుతయంటే సంతకాలు జెల్దినే అయినయి.

రోజుకు ముప్పై బండలు.
ఇన్నేండ్ల నడకంతా
మట్టి దిక్కు మొకం పెట్టుకున్నది.
కింద ఇసుకల దొరికినవి:
ఒక గుండీ, విరిగిన పాళీ, పది పైసల బిళ్ల,
మెస్సు టోకెన్, నంబరు నలభై మూడు.
ఎవరో ఆ పూట తినలే.

కిటికీ ముందటి బండకు గడ్డపార ఆనించి
ఓదెలు నా దిక్కు చూసిండు.
నేను పుస్తకం దిక్కు చూసిన.
ఆయన గడ్డపార గోడకు నిలబెట్టి
చాయ్ తాగొస్తనని పోయిండు.
వచ్చినంక పక్క బండ కాడ మొదలుపెట్టిండు.

రాసిన:
మొత్తం బండలు రెండు వందల పన్నెండు.
తిరగేసినవి రెండు వందల పదకొండు.
ఆడిటోళ్లు పెన్సిల్‌తోటి సున్న చుట్టి అడిగిండ్రు:
ఒకటి ఏమైంది?
జవాబు రాసే జాగ ఇంకా ఖాళీగనే ఉన్నది.

సారమ్మ గది తుడిచిన ప్రతి పొద్దు
ఆ గుంతల దోసెడు నీళ్లు ఆగుతయి.
“లచ్చలు పెట్టి ఏం పని చేసిండ్రో” అని
మమ్ముల తిట్టుకుంట బట్టతోటి అద్దుకపోతది.

ఇయ్యాల మర్చిపోయింది.
పది కొట్టంగనే ఫస్టియర్ పిల్ల ఒకామె
ఫారం ఎదకు పట్టుకొని
సరిగ్గ ఆ నీళ్లల్ల నిలబడ్డది.
మడిమె తడిసింది, కింద చూసింది.
జరగలే.
జరిగితే వరుస పోతది.