విషయం: పొట్టేలుకు పర్మిషను గురించి

పాలమూరు ఆర్టీఓ ఆఫీసు గోడకు ఆనుకొని
నా కుర్చీ, నా గొడుగు, నా కార్బన్ కాగితాలు.
దరఖాస్తుకు నలభై రూపాయలు.
లైసెన్సు పోగొట్టుకున్నోళ్లు, బండి అమ్మినా పేరు మారనోళ్లు,
కొడుకుల చలానాలు పట్టుకొచ్చిన తండ్రులు.
ఇరవై రెండేండ్లల్ల నేను రాయని కష్టం లేదనుకున్న.

మొన్న కోయిలకొండ దిక్కుకెల్లి ఒకాయన వచ్చిండు.
మల్కప్ప. నెత్తికి రుమాలు, భుజమ్మీద ఏం లేదు.
"సారూ, పొట్టేలుకు పర్మిషను కావాలె."
పశువుల దవాఖాన ఎనక గల్లీల అని చెప్పిన.
"ఇది పెట్రోలు తాగే పొట్టేలు" అన్నడు.

ఫోన్ల బొమ్మ చూపిండు.
పదకొండేండ్లు బడిపిల్లలను మోసిన ఓమ్ని వ్యాను.
బడి మూతపడ్డంక దాంట్ల కోళ్లు పండుకునేటివట.
ఇప్పుడు దాని మీద పదిహేడు గొంగళ్లు.
ఇంటింటికి తిరిగి అడిగి తెచ్చినవి,
సచ్చిపోయినోళ్లవి,
పురుగు కొట్టినవి, వానకు బిరుసెక్కినవి,
ఒక్కో అంచు ఒక్కో ఇంటిది.
పదిహేడోది ఆయన భుజమ్మీదిది.
దబ్బనం పట్టి కుట్టింది భార్య ఈరమ్మ.
సైలెన్సరు గొట్టాలు వంచి కొమ్ములు,
లైట్ల సుట్టూ గవ్వలు.
ఎనక తోక కింద, ఎందుకో మరి,
"పిల్లలున్నారు జాగ్రత్త" అన్న పాత అక్షరాలు
అట్లనే ఉంచిండు.

బీరప్ప జాతరకు తొమ్మిది దినాలుంది.
"ఆర్యా, పై విషయమును పురస్కరించుకొని" అని రాసి
ఆగిన.

మొదటి కౌంటరు:
ఆర్సీల రంగు తెలుపు, ఇది నలుపు.
"రంగు ఎయ్యలే సారూ, ఉన్ని కప్పిన."
"తీస్తే?"
"లోపల తెల్లగనే ఉంటది."
నేను "తాత్కాలిక ఆచ్ఛాదన" అని రాసిన.
నా మాట నాకే నచ్చి ఇంకోసారి చదువుకున్న.

కరెంటాయన కొమ్ములు కోసుకొమ్మన్నడు,
మలుపు కాడ తీగలు వేలాడుతున్నయట.
"తీగలే లేపరాదా సారూ,
మూడేండ్ల సంది గడ్డిబండ్లకు తలుగుతున్నయి."
తీగలు లేవలే. కొమ్ములే ఎనకకు వంగినయి.
పొట్టేలు ఇప్పుడు కొట్లాటకు కాదు,
మేసి అలిసి వస్తున్నట్టు ఉంది.

పోలీసుస్టేషన్ల ఒక్కటే అడిగిన్రు, డీజే ఉందా అని.
డోలు ఉంది అన్నడు. డోలుకు కాలం లేదు ఫారంల.

ఫైరాఫీసరు మాట్లాడలే.
అగ్గిపుల్ల గీసి గొంగడి అంచుకు పెట్టిండు.
ఎంటిక కాలిన వాసన, నల్లటి పూస,
ఆరిపోయింది.
మళ్ల గీసిండు, మళ్ల ఆరింది.
మూడోది గీయకుంట డబ్బీల పెట్టుకున్నడు.
"మా తాతకుండె ఇట్లాంటిది" అన్నడు,
కాలిన జాగను గోటితోని గీక్కుంట.

జాతర పొద్దున పదకొండింటికి వచ్చింది కాగితం.
ఎనిమిది షరతులు, రెండు ముద్రలు.
నేను రాసిన దరఖాస్తు యాడికి పోతదో
ఎన్నడూ పోయి చూసినోణ్ణి కాదు.
ఆ దినం గొడుగు ముడిచి బస్సెక్కిన.

"గంటకు పది కిలోమీటర్లు మించరాదు."
గుట్ట ఎక్కంగ ఇంజను ఆగింది.
ఎనకకెల్లి నూకిన్రు మీసాలొచ్చిన పోరగాళ్లు,
ఒకప్పుడు ఆ సీట్ల మీదనే
టిఫిను డబ్బాలు ఒలకబోసినోళ్లు.
ఒక ముసలవ్వ గుంపును తోసుకొచ్చి
ఎడమ డోరు మీది అంచు పట్టి చూసింది.
"ఇది మా ఆయనది" అంది.
ఇంకేం అనలే.
గుడిదాక ఆ అంచు ఇడవలే.

రాత్రి చలి దిగింది.
ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది.
ఈరమ్మ గొంగడి కిందికెల్లి
బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది.
"ఇంకా ఎచ్చగనే ఉంది, కూసో సారూ."

ఏడో షరతు: వాహనము పైకి మనుషులు ఎక్కరాదు.

ఎక్కలే.
ఆనుకున్న.