జీడిగుర్తు

లీడ్స్‌లో వాన పడుతోందని చెప్పడం
చేప తడిసిందని చెప్పడం లాంటిది.
కాలువ పక్కన పాత ఉన్ని మిల్లు, మూడో అంతస్తు.
మగ్గాలు పోయాయి, మా తెరలు వచ్చాయి.
పొద్దుట్నుంచీ నేను
ఒక వానకోయిల రెక్కని సన్నం చేస్తున్నాను.
టైమ్‌షీట్‌లో రాశాను:
రెక్క, రెండు గంటల నలభై ఐదు నిమిషాలు.

హాటర్స్‌లీ లాండ్రీ. డెబ్బై రెండేళ్ల సంస్థ,
పద్నాలుగు కొట్లు, తొమ్మిది వ్యాన్లు,
ప్రతి వ్యాను మీదా ఎగిరే ఈ పిట్ట.
"ఇంకొంచెం మనిషితనం కావాలి" అన్నాడు క్లయింటు,
ఆ వెంటనే, "ఈకలు తీసేయండి."
తీశాను. ముక్కు తీశాను. కన్ను తీస్తుంటే
డెక్లన్ నా కుర్చీ వెనక ఆగి
"ఇక దానికి దారేం కనబడుతుంది?" అన్నాడు.
ఇద్దరం నవ్వాం. కన్ను పోయింది.

శుక్రవారం ఐదున్నరకి పబ్బు.
మెనూ కార్డు చేతికొస్తే మావాళ్లు తిండి సంగతి ఎత్తరు,
అక్షరాల మధ్య ఎడం గురించి తగువుపడతారు.
ఒలూ తన బిడ్డ ఫొటో చూపిస్తే
"ఎక్కడ కత్తిరించావో అది బావుంది" అంటుంది గ్వెన్,
ఒలూకి అదీ మెప్పే.
నేను రెండో సైడర్‌లో ఉండగా ఎవరో అడిగారు,
బతుకులో మొదట చూసిన లోగో ఏది?
బూట్లు, చాక్లెట్లు, కోలాలు అయ్యాయి. నా వంతు.

చెప్పేశాను.
మా నాయనమ్మ మండపేటలో బట్టలుతికేది.
అక్షరం ముక్క రాదు.
నల్లజీడి గింజని సూదితో గుచ్చి
ఆ నల్లటి పాలతో చొక్కా మెడ లోపల గుర్తు పెట్టేది.
ప్లీడరు గారికి రెండు చుక్కలు,
నర్సమ్మకి చుక్క మీద గీత,
సినిమాహాలు మేనేజరుకి త్రిశూలంలో సగం.
నలభై ఇళ్లు, నలభై గుర్తులు,
ఒక్క చొక్కా తారుమారు కాలేదు.
జీడి తగిలి ఆమె వేలికొసలు పొక్కేవి.
ఆ సంగతి చెప్పలేదు.
బల్ల చుట్టూ నిశ్శబ్దం, మీటింగుల్లో నాకెప్పుడూ దొరకని రకం.

సోమవారం ప్రెజెంటేషన్‌లో
పదకొండో స్లైడు మా నాయనమ్మ.
అంటే మా నాయనమ్మ కాదు,
కొనుక్కున్న ఫొటోలో ఎవరో ముసలామె,
ఏదో నది, వెనకాల సూర్యాస్తమయం.
మా నాయనమ్మ మునిసిపల్ కుళాయి దగ్గర ఉతికేది.
పైన పెద్ద అక్షరాల్లో: గుర్తు అంటే నమ్మకం.
ఎడం ఎక్కడా తప్పలేదు. గ్వెన్ పని.

"తీసెయ్" అన్నాను.
"చాలా బావుంది కదా?"
"అందుకే."
నా మొహం చూసింది, స్లైడు చూసింది,
తీసేసింది. టీ తెచ్చిచ్చింది, చక్కెర మరిచిపోకుండా.
నంబర్లు సర్దడం ఇద్దరం మరిచిపోయాం,
పది తర్వాత పన్నెండు వచ్చింది. ఎవరూ అడగలేదు.
ఆ శుక్రవారం కూడా పబ్బుకి వెళ్లాను.
అలిగి కూర్చోడానికి
నాకు ఇంకో ఊళ్లో స్నేహితులు లేరు.

నియమాల పుస్తకం రాయడం నా పనే.
నలభై ఆరో పేజీ: అతి చిన్న సైజు,
బట్టకి పిన్ను గుచ్చే చీటీ కోసం.
అక్కడ పిట్ట తోక కింద ఒక చుక్క పెట్టాను,
చుక్క మీద గీత.
పక్కన రాశాను: తొలగించరాదు.
ఎందుకో రాయలేదు.
సంతకాలయ్యాయి. అచ్చుకి వెళ్లింది.

నవంబరులో నా కోటు పట్టుకుని
హెడింగ్లీ కొట్టుకి వెళ్లాను.
కౌంటర్లో మోరీన్, ముప్పై ఏళ్లుగా అక్కడే.
"చీటీలు కొత్తవా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.
"అంకె రాసే చోటు తగ్గించేశారు.
పైగా ఊడిపోతాయి" అంది.
కోటు మెడ వెనక్కి మడిచి,
లోపల ఒక మూల
తన నీలం పెన్నుతో
ఏదో చిన్న గుర్తు పెట్టుకుంది.