మోకాలి లంగరు

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది:
ఈ నెల మీ బడికి రాజస్థాన్.
కోట బొమ్మ, కీలుబొమ్మ, అద్దకం, మెట్లబావి, తలపాగా,
అన్నీ పిల్లల చేతే చేయించాలి.
అడుగున ఒక గడి: ఫొటోలు జతపరచవలెను.

పెదజాలరిపేట, నాలుగో తరగతి.
కిటికీకి అటు ఆరబోసిన నెత్తళ్ళు.
ఇటు నేనూ, ముప్ఫయ్యొక్కమందీ,
మాలో ఎవరమూ చూడని ఎడారీ.

బెండకాయ అడ్డంగా కోసి
రంగులో ముంచి అద్దితే పువ్వొస్తుందన్నాను.
పైడితల్లి ఇంటికెళ్ళి చందువ తోక తెచ్చింది.
పాత దుప్పటి మీద వరసగా
ఎర్రటి విసనకర్రలు విచ్చుకున్నాయి.
క్లాసంతా నీచువాసన.

అగ్గిపెట్టెలతో మెట్లబావి.
ఏడు వరసలు దిగాక, అడుగున నీలం కాగితం.
పోలేశ్వరి కాగితం అంటించలేదు,
మెట్టుకొకటి చొప్పున సీసామూతలు పెట్టుకుంటూ పోయింది.
“ఇవేటే?”
“బిందెలు టీచర్. టేంకరింకా రాలేదు.”
వాళ్ళ వీధి చివర నుంచి చూస్తే
కళ్ళు చాలనన్ని నీళ్ళు.

ఆ పూటే బోర్డు మీద రాశాను:
ఒంటె, ఎడారి ఓడ.
ఎల్లాజీ లేచి నిలబడ్డాడు.
వాళ్ళ నాన్న మరబోటులో కళాసీ.
“ఓడైతే లంగరుండాల గదా టీచర్.
ఒంటికి లంగరెక్కడుంటాది?”
పుస్తకం తిరగేశాను. పై నుంచొచ్చిన కాగితమూ తిరగేశాను.
“రేపు చెబుతాలే” అన్నాను.
పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో
నేను దాక్కున్న చోటల్లా ఆ మాటే.

బడి వెనక పద్నాలుగంతస్తులు లేస్తున్నాయి.
గచ్చు నునుపు చేసే మిషను
రోజూ మా ఎక్కాల మీద పడి అరుస్తుంది.
ఆ పనివాళ్ళది బాడ్‌మేర్ వైపని
వాచ్‌మెన్ చెప్పాడు.

మర్నాడు అన్నాల వేళ ఖేతారామ్ వచ్చాడు.
కనుబొమల నిండా పాలరాతి పిండి.
గుమ్మంలో చెప్పులు విడిచి
లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు.
మూడేళ్ళలో అతనికి పట్టుబడిన తెలుగు:
నీళ్ళు, సిమెంటు, రేపు, డబ్బులు.
మిగతాది నా వచ్చీ రాని హిందీ.

పాగాకి తొమ్మిది గజాల గుడ్డ కావాలన్నాడు.
మా దగ్గర గజం కూడా లేదు.
ఎల్లాజీ పరుగున వెళ్ళి చిరిగిన వల మోసుకొచ్చాడు.
ఖేతారామ్ దాన్ని వాసన చూశాడు.
ఒక కొస పంట పట్టి, మెలితిప్పి,
వాడి తలకే చుట్టడం మొదలెట్టాడు.
చివరికి చెవుల పక్కన సీసం గుళ్ళు
జుంకాల్లా ఊగాయి.
అంత పాగా కిందనుంచీ వాడిదదే ప్రశ్న:
“లంగరు?”

ఖేతారామ్ గచ్చు మీద కూలబడ్డాడు.
తన మోకాలు మడిచి
మిగిలిన వలతాడుతో బిగించి కట్టాడు.
ఒంటె ముందుకాలు ఇలా కడతారట,
రాత్రంతా కదలదట.
“మరి గాలొస్తేనో?”
“అది కళ్ళు మూసుకుంటుంది. మేమూ మూసుకుంటాం.”

“నువ్వు సముద్రం సూసినావా?” పోలేశ్వరి అడిగింది.
చూశాడట. పై అంతస్తు నుంచి,
కిటికీలకి అద్దాలు బిగించకముందు.
ఇంకేముంది, చేతులు పట్టి లాగేశారు.
కాగితంలో లేని క్షేత్రపర్యటన అది.
హెడ్మాస్టరుగారు ఆ రోజు సెలవులో ఉండబట్టి సరిపోయింది.

ఇసకలో బాగానే నడిచాడు,
మాకంటే బాగా.
తడి మొదలైన చోట ఆగిపోయాడు.
అల వచ్చి మడమ తాకగానే
ఒక కాలు మడిచి పైకెత్తేశాడు.
“లంగరేసినాడ్రోయ్!” ఎల్లాజీ కేక.
పక్కన వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి నవ్వారు.
ఒంటికాలి మీద ఊగుతూ
ఖేతారామ్ వేలితో తడి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాడు.
తన భాషలో ఏదో అన్నాడు.
నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడగలేదు.

ఫొటో తియ్యాలని ఎవరికీ తోచలేదు.
రాత్రి కాగితం నింపుతూ
ఆ గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను.
పోలేశ్వరి మెట్లబావి బల్ల మీదుంది.
మూతలన్నీ వరసలోనే ఉన్నాయి,
ఒక్కటి మాత్రం, ఎవరు జరిపారో,
రెండు మెట్లు ముందుకెళ్ళింది.